వస్తువు నంబరు 417

మా సంస్థ పేరు రాష్ట్ర విసనకర్రల అభివృద్ధి సంస్థ. నవ్వకండి. నవ్విన నాపచేనే పండుతుందని సామెత. తాటాకు విసనకర్రకి పూర్వవైభవం తేవడం మా సంస్థ ఆశయం. కాకినాడలో ఉన్న మా ప్రాంతీయ కార్యాలయంలో మేనేజరు గారి గదికి రెండు ఏసీలు, మేం కూర్చునే హాలుకి ఆరు ఫ్యాన్లు ఉన్నాయి. విసనకర్ర మాత్రం ఒక్కటే ఉంది. అది అద్దాల బీరువాలో ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

మేనేజరు గారు కాక మేం పదిమందిమి. అందులో పనిచేసేది ఒక్కరే, సీనియర్ అసిస్టెంటు మంగతాయారు గారు. మిగతా తొమ్మిదిమందిమీ ఏం చేస్తామంటే, ఆవిడకి పని అందిస్తాం. ఆ తొమ్మిదిమందిలో కూర్మారావు అనే నేనూ ఒకణ్ణి. ఈ మాట ఒప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు. నాలాంటివాణ్ణి సంస్థ పోషిస్తోందంటే సిగ్గుపడాల్సింది సంస్థే.

పన్నెండేళ్ల కిందట తాయారు గారు ఉద్యోగంలో చేరిన రోజే ఒక పొరపాటు చేశారు. ఎవరో రాసిన ఉత్తరానికి తప్పుల్లేకుండా జవాబు రాశారు. మర్నాటి నుంచి ఉత్తరాలన్నీ ఆవిడవే అయ్యాయి. తర్వాతెప్పుడో కంప్యూటరు ఆగిపోతే వెనకాల తీగ ఊడిందని చూసి పెట్టారు. కంప్యూటర్లన్నీ ఆవిడవయ్యాయి. బీరువాల తాళాలు, టపా, సామాన్ల రిజిస్టర్లు, చివరికి మేనేజరు గారు సభల్లో చదివే ప్రసంగాలు కూడా ఒక్కొక్కటే ఆవిడ బల్ల మీదికి చేరాయి. మా మేనేజరు అనంత భోగేశ్వరరావు గారికి పరిపాలనలో ఒకటే సూత్రం. పని తెలిసినవాళ్లకే పని ఇవ్వాలి. తెలియనివాళ్లకిస్తే నేర్చుకునే ప్రమాదం ఉంది.

కిందటేడాది సూపరింటెండెంటు పోస్టు ఒకటి ఖాళీ అయింది. సీనియారిటీ చూసినా, అర్హత చూసినా అది తాయారు గారిది. ఇచ్చింది మాత్రం సర్వారాయుడికి. సర్వారాయుడు మధ్యాహ్నం భోంచేసి, సాయంత్రం టీ వచ్చేదాకా కళ్లు తెరవడు.

"తాయారు గారూ, మీరు అన్యథా భావించవద్దు" అన్నారు మేనేజరు గారు. "మిమ్మల్ని పైస్థాయికి పంపిన పక్షంలో మీ విధులు ఎవరు నిర్వర్తిస్తారు? సర్వారాయుణ్ణి పంపినట్లయితే ఏ పనీ ఆగదు. ఆయన పదోన్నతి వల్ల సంస్థకు కలిగే నష్టం శూన్యం."

సర్వారాయుడి ప్రమోషన్ ఉత్తర్వు టైపు చేసింది తాయారు గారే. ఆయన పేరులో మేనేజరు గారు వదిలేసిన దీర్ఘం కూడా ఆవిడే పెట్టారు.

ఆవిడ అది దిగమింగుకున్నారు. దిగమింగలేనిది పలాస. వాళ్లాయన పలాసలో రైల్వే ఉద్యోగి. ఏడేళ్ల కూతురు కుందన తండ్రి దగ్గర, నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. తాయారు గారు ఆఫీసు నుంచి ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిదవుతుంది, ఆ ఇంట్లో పిల్లని చూసేవాళ్లు ఎవరూ లేరు. అందుకని శనివారం సాయంత్రం సామర్లకోట వెళ్లి రైలెక్కడం, ఆదివారం రాత్రి మళ్లీ బయల్దేరడం. బళ్లో కుటుంబం బొమ్మ గియ్యమంటే కుందన నాన్ననీ నాయనమ్మనీ ఇంట్లో గీసి, అమ్మని రైలు కిటికీలో గీసిందట. ఆ కాగితం తాయారు గారి సొరుగులో ఉంటుంది. నాకు ఒకసారి చూపించారు. నేను చూసి, బొమ్మ బావుందని, నా ఫైలు కూడా కొంచెం చూసిపెట్టమని అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెప్పుచ్చుకు కొట్టుకోవాలనిపిస్తుంది.

పలాసలో మా సంస్థకి చిన్న శాఖ ఉంది, అందులో ఖాళీ కూడా ఉంది. తాయారు గారు నాలుగుసార్లు బదిలీకి పెట్టుకున్నారు. నాలుగుసార్లూ భోగేశ్వరరావు గారు "ఈమె సేవలు అమూల్యము, కావున సిఫారసు చేయడమైనది కాదు" అని రాశారు. అయిదోసారి హెడ్డాఫీసులో ఎవరో పొరపాటున దరఖాస్తు పూర్తిగా చదివారు. బదిలీ ఉత్తర్వు వచ్చేసింది. టపా విప్పిందీ ఆవిడే, దానికి నంబరు వేసిందీ ఆవిడే, తీసుకెళ్లి మేనేజరు గారి ముందు పెట్టిందీ ఆవిడే.

ఆ రోజు మేనేజరు గారు కాఫీ తాగలేదు. మర్నాడు పదింటికి అందర్నీ గదిలోకి పిలిచారు. ఆయన చేతిలో సామగ్రి నియమావళి ఉంది. ఆయన ఒక పుస్తకం తెరవడం మేం చూడడం అదే మొదటిసారి.

"ముప్పై ఒకటో నియమం" అని చదివారు. "కార్యాలయ నిర్వహణకు అత్యవసరమైనదియు, ప్రత్యామ్నాయము లేనిదియు అగు ఏ వస్తువునైనను శాశ్వత సామగ్రి రిజిస్టరులో నమోదు చేసిన పిమ్మట ప్రాంగణము నుండి తరలించరాదు."

పుస్తకం మూసి మా వైపు చూశారు.

"తాయారు గారు ఈ కార్యాలయానికి అత్యవసరమా, కాదా?"

"అత్యవసరమే సార్" అన్నాం తొమ్మిదిమందిమీ.

"ప్రత్యామ్నాయం ఉందా?"

మేం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. ఉందంటే ఎవరో ఒకరు ముందుకి రావాలి. "లేదు సార్" అన్నాం. మేం అందరం కలిసికట్టుగా చేసిన పని అదొక్కటే.

తాయారు గారికి విషయం అర్థమయ్యేసరికి కొంచెంసేపు పట్టింది. "అదేంటి సార్, నేను మనిషినండీ!" అన్నారు.

"అది మీ వినయం" అన్నారు మేనేజరు గారు. "మనుషులు మాకు తొమ్మిదిమంది ఉన్నారు. వాళ్లను ఎప్పుడైనా, ఎక్కడికైనా పంపుకోవచ్చును. మీ స్థాయి వేరు. రిజిస్టరు తీసుకురండి."

శాశ్వత సామగ్రి రిజిస్టరు రాసేది తాయారు గారే కాబట్టి ఆ నమోదు కూడా ఆవిడే రాయాల్సి వచ్చింది. నాలుగువందల పదహారు దగ్గర నీళ్ల డ్రమ్ము స్టాండు ఉంది. దాని కింద నాలుగువందల పదిహేడు. వస్తువు పేరు: సీనియర్ అసిస్టెంటు. సంఖ్య: ఒకటి. స్థితి: బాగా పనిచేస్తున్నది. ఇంకా మూడు నాలుగు గళ్లు మిగిలాయి. "అవేవో మీరే పూర్తి చేయండి" అన్నారు మేనేజరు గారు. ఆవిడ కాసేపు కలం పట్టుకుని కూర్చుని, తర్వాత గబగబా నింపేశారు. ఆయన చదవకుండా సంతకం పెట్టారు. ఆవిడ రాసింది చదివితే నమ్మకం లేనట్టు అవుతుందని ఆయన ఉద్దేశం.

"సదరు ఉద్యోగిని సామగ్రిగా పరిణమించినందున బదిలీ ఉత్తర్వును అమలుపరచుట సాధ్యపడదు" అని హెడ్డాఫీసుకి ఉత్తరం వెళ్లింది. పది రోజుల తర్వాత జవాబు వచ్చింది. "గమనించడమైనది" అని ఉంది.

ఇక నంబరు వెయ్యాలి. మా ఆఫీసులో ప్రతి కుర్చీకీ బల్లకీ ఎడమవైపు వెనక కాలి మీద తెల్లరంగుతో నంబరు వేస్తారు, నియమం అది. తాయారు గారికి వెనక కాళ్లు లేవు. ఈ లోపాన్ని పరిశీలించడానికి సర్వారాయుడి అధ్యక్షతన ముగ్గురు సభ్యులతో కమిటీ వేశారు. కమిటీ మూడుసార్లు సమావేశమై, ఆరు కిలోల జీడిపప్పు పకోడీ తిని, ఎడమ చెప్పు మడమ మీద వెయ్యొచ్చని సిఫారసు చేసింది. అటెండరు వీరభద్రం బ్రష్షు పట్టుకుని వచ్చాడు.

"అమ్మగారూ, ఏమీ అనుకోకండి. నా చేత్తో నేనెయ్యలేనండి, చెప్పిలా ఇచ్చేయండి, అవతలికెళ్లి ఏసుకొత్తాను" అన్నాడు.

వీరభద్రానికి ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది. రోజూ పొద్దున్నే సామగ్రి మొత్తం తుడవాలని అతని విధుల్లో ఉంది. పాపం గుడ్డ పట్టుకుని తాయారు గారి ఎదురుగా నిలబడి, గాల్లో రెండుసార్లు విదిలించి, నమస్కారం పెట్టి వెళ్లిపోయేవాడు.

సామాను సాయంత్రం ఇంటికెళ్లడం నియమావళిలో లేదు. అందుకని రోజూ ఏడింటికి తాయారు గారికి గేటు పాసు ఇచ్చేవారు. కారణం దగ్గర "మరమ్మతు నిమిత్తం" అని, కింద "రేపు ఉదయం పదింటికల్లా తిరిగి చేర్చవలెను" అని ఉండేది. చేర్చవలసిన వ్యక్తి పేరు దగ్గర ఆవిడ పేరే. సామానుకి సెలవులు లేవు కనక ఆవిడ సెలవుల ఖాతా మూసేశారు. ఆదివారం ఆఫీసు మూసే ఉంటుంది కాబట్టి ఆవిడ లోపలే ఉన్నట్టు లెక్క. అయినా వాచ్‌మన్ మంచివాడు, శనివారం సాయంత్రం అటు తిరిగి నిలబడేవాడు.

మా కంప్యూటరు గదిలోకి చెప్పులతో వెళ్లకూడదు. తాయారు గారు లోపలికెళ్తే నాలుగువందల పదిహేడో నంబరు గుమ్మం దగ్గర ఉండేది. మేనేజరు గారు అటుగా వెళ్తూ చెప్పుల వంక చూసి, "ఉంది" అని తృప్తిపడి వెళ్లిపోయేవారు. ఇది ఆవిడ కనిపెట్టారు. ఒక సోమవారం ఆ చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి, ఆవిడ వేరే చెప్పులేసుకుని పలాసలోనే ఉండిపోయారు. ఆ రోజు కుందన పుట్టినరోజు. ఆఫీసులో ఏ లోటూ జరగలేదు. మేనేజరు గారు వచ్చిన ఫైళ్లన్నీ వీరభద్రం చేత చెప్పుల పక్కన పెట్టించారు. సాయంత్రం దాకా ఒక్క ఫైలూ కదలకపోయేసరికి చెప్పులకి మెమో ఇచ్చారు. "వస్తువు నంబరు 417 పనితీరు మందగించినట్లు గమనించడమైనది" అని రాసి ఎడమ చెప్పులో పెట్టించారు.

మర్నాడు తాయారు గారు వచ్చి ఆ మెమోకి జవాబు రాసుకున్నారు. అప్పటినుంచి చెప్పుల తనిఖీ కాళ్లతో సహా జరపాలని ఉత్తర్వు వచ్చింది.

వానాకాలంలో ఆవిడకి జ్వరం తగులుకుంది. నూటమూడు. వణుకుతూనే వచ్చి, డాక్టరు దగ్గరికి వెళ్లాలని అడిగారు.

"తప్పకుండా వెళ్లాలి. సామగ్రి పరిరక్షణ మన బాధ్యత" అన్నారు మేనేజరు గారు. "అయితే మరమ్మతు పనులకు మూడు కొటేషన్లు తప్పనిసరి. తక్కువ కోట్ చేసిన వారికే పని అప్పగించాలి."

మూడు కొటేషన్లు తెప్పించారు. అన్నిటికన్నా తక్కువది పశువుల డాక్టరుగారిది. ఆయన మాత్రం కబురు విని, నేరుగా ఆఫీసుకొచ్చి, మేనేజరు గారి గదిలోకి తొంగిచూసి, "జ్వరం ఆవిడకైతే నేను చూడనండి. ఈయన్ని చూడమంటే చూస్తాను" అని వెళ్లిపోయాడు. ఈ గొడవ తేలేలోపు వీరభద్రం ఆవిణ్ణి ఆటోలో ఎక్కించుకుని గవర్నమెంటాసుపత్రికి తీసుకెళ్లాడు. గేటు పాసు లేకుండా సామాను తరలించినందుకు అతనికి చార్జిషీటు ఇచ్చారు.

జ్వరం తగ్గి వచ్చాక తాయారు గారిలో ఏదో మార్పు కనబడింది. మాట్లాడ్డం తగ్గించారు. సామగ్రి నియమావళి తీసి భోజనాల వేళ చదువుతూ కూర్చునేవారు. ఆవిడ ఆశ వదులుకున్నారని నేను అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, నాకు హాయిగానే అనిపించింది. నా ఫైళ్లకి ఇక ఢోకా లేదు.

ఒక రోజు సంతకాల ఫైల్లో ఒక ఉత్తరం వెళ్లింది. "ఈ కార్యాలయంలో మూడేళ్లుగా సామగ్రి తనిఖీ జరగలేదు. వెంటనే జరిపించవలసిందిగా ప్రార్థన" అని హెడ్డాఫీసుకి. కింద భోగేశ్వరరావు గారి సంతకం. ఆయన చదివి పెట్టలేదని వేరే చెప్పక్కర్లేదు.

నెల తిరక్కుండా తనిఖీ అధికారిణి హైమవతి గారు దిగారు. బక్కపల్చటి మనిషి, ఒక చేతిలో రిజిస్టరు, ఇంకో చేతిలో సుద్దముక్క. ఎవరినీ పలకరించలేదు. కుర్చీల కాళ్లు వంగి చూసుకుంటూ, ఒక్కోదానికీ సుద్దతో టిక్కు కొట్టుకుంటూ హాలంతా తిరిగారు. మేనేజరు గారు వెనకాలే కొబ్బరిబోండం పట్టుకుని తిరిగారు. నీళ్ల డ్రమ్ము స్టాండు అయ్యాక ఆవిడ పేజీ తిప్పారు.

"నాలుగువందల పదిహేడు."

"నేనేనండి" అన్నారు తాయారు గారు లేచి నిలబడి.

హైమవతి గారి మొహంలో ఏ మార్పూ లేదు. "తిరగండి" అన్నారు. వంగి చెప్పు మడమ చూసి, రిజిస్టరు చూసి, తాయారు గారి బల్ల మీద టిక్కు కొట్టారు. "సరిపోయింది" అన్నారు.

మేనేజరు గారు పొంగిపోయారు. "మా కార్యాలయంలోకెల్లా మెరుగైన వస్తువు మేడమ్" అన్నారు.

హైమవతి గారు వినిపించుకోలేదు. వేలు పెట్టి గళ్లు చదువుతున్నారు. "కార్యాలయానికి వచ్చిన తేదీ... పన్నెండేళ్లు దాటింది. పదార్థం, కొయ్య" అని తలెత్తారు. "కొయ్య సామాను ఆయుష్షు పదేళ్లు. ఇనుముకైతే ముప్పయ్యేళ్లు. ఇది రెండేళ్ల కిందటే తీసెయ్యాల్సిన వస్తువు. ఇంతవరకూ ఎందుకుంచారు?"

"కొయ్యా?" అన్నారు మేనేజరు గారు.

"మీ సంతకమే ఉంది కదా."

మేనేజరు గారు రిజిస్టరులోకి చూశారు, తాయారు గారి వైపు చూశారు. తాయారు గారు కొయ్యలాగే నిలబడి ఉన్నారు.

"మేడమ్, ఇది చాలా బాగా పనిచేస్తోంది మేడమ్!"

"బాగా పనిచేస్తోందా లేదా అని నియమం అడగదు. కొట్టేస్తున్నాను. కొట్టేసిన వస్తువు సూర్యాస్తమయం లోపు ప్రాంగణం దాటాలి." ఎర్రసిరా పెన్ను తీశారావిడ.

అప్పుడు భోగేశ్వరరావు గారి చేతిలో కొబ్బరిబోండం జారిపోయింది. పద్నాలుగు నెలలుగా ఆ ఆఫీసులో ఎవరూ వినని మాట ఆయన నోటినుంచి వచ్చింది.

"మేడమ్! ఆవిడ వస్తువు కాదండీ! మనిషండీ! చూడండి, కళ్లున్నాయి, చెవులున్నాయి, కూతురు కూడా ఉందండీ!"

హైమవతి గారు పెన్ను ఆపారు. "మనిషా? అయితే సామగ్రి రిజిస్టరులో మనిషిని నమోదు చేశారన్నమాట. తప్పుడు నమోదు. దానికి విచారణ వేరు, సస్పెన్షన్ వేరు. ఇంతకీ మనిషా, కొయ్యా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి. నాకు బస్సు టైమవుతోంది."

మేనేజరు గారు చెమట తుడుచుకున్నారు.

"కొయ్యే మేడమ్" అన్నారు చివరికి.

ఎర్రగీత పడింది. రిజిస్టరులోంచి పేరు పోయింది కాబట్టి ముప్పై ఒకటో నియమం పోయింది. నియమం పోయింది కాబట్టి పద్నాలుగు నెలల కిందటి బదిలీ ఉత్తర్వు మళ్లీ ప్రాణం పోసుకుంది. కొట్టివేత ధ్రువపత్రం టైపు చెయ్యమని సర్వారాయుణ్ణి లేపారు గాని, అతను లేవలేదు. తాయారు గారే టైపు చేసుకున్నారు. సొరుగులోంచి ఆ బొమ్మ కాగితం తీసి సంచీలో పెట్టుకున్నారు.

మేనేజరు గారు గుమ్మం దాకా వెంటబడ్డారు. "ఒక్క వారం ఆగండి తాయారు గారూ! ఫైళ్లు ఎక్కడున్నాయో చూపించైనా వెళ్లండి. మానవతా దృక్పథంతో ఆలోచించండి!"

"ఆలోచించేదాన్నే సార్" అన్నారు తాయారు గారు. "కొయ్యకి దృక్పథం ఎక్కడుంటుందండీ?"

ఆవిడ ఆటో ఎక్కుతుంటే వీరభద్రం గట్టిగా ఏడ్చేశాడు. నాకూ కళ్లు చెమర్చాయి. ఆవిడ పిల్ల దగ్గరికి వెళ్తున్నారని సంతోషం, పద్నాలుగు నెలలు నోరు మూసుకుని చూసినందుకు సిగ్గు, రేపట్నుంచి నా ఫైళ్లు ఎవరు చూస్తారన్న దిగులు. ఏ కన్నీళ్లు దేనివో నేను విడదీసుకోలేదు.

వారం తిరిగేసరికి ఆఫీసులో టపా నడుం ఎత్తు పేరుకుంది. కాలం చెల్లి రెండేళ్లయిన వస్తువుని ఎందుకుంచారో సంజాయిషీ ఇమ్మని మేనేజరు గారికి వచ్చిన తాఖీదు కూడా అందులోనే ఎక్కడో ఉంది. రిజిస్టర్లన్నీ నీలం బీరువాలో ఉన్నాయి. దాని తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నా ఫైలొకటి కూడా అందులోనే ఇరుక్కుంది. అందుకని ఎవరూ చూడకుండా మెట్ల కిందికి వెళ్లి తాయారు గారికి ఫోన్ చేశాను.

"గోడగడియారం వెనకాల మేక్కి తగిలించుంటదండి" అన్నారావిడ. వెనకనుంచి ఓ పిల్ల గొంతు, "అమ్మా, రా! అన్నం చల్లారిపోతోంది!" అని కేకేస్తోంది. "వస్తన్నానే, ఇక్కడే ఉన్నాను కదా!" అని ఇటు తిరిగి, గొంతు తగ్గించారు. "కూర్మారావు గారూ, మీ మంచికే ఓ మాట చెప్తాను, వినండి. తాళంచెవి ఎక్కడుందో తెలిసిందని ఎవరికీ తెలియనివ్వకండి. నేను చేసిన తప్పు అదేనండి."

నేను అలాగేనన్నాను. మూడు రోజులు మాట నిలబెట్టుకున్నాను. నాలుగో రోజు మేనేజరు గారు హాల్లోకి వచ్చి, ఆ నీలం బీరువాకి తల ఆనించి నిలబడ్డారు. సంజాయిషీకి మర్నాడే గడువని హెడ్డాఫీసు నుంచి ఫోనొచ్చింది. జుట్టు చెదిరిపోయింది, చొక్కా బొత్తాలు ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ పెట్టుకున్నారు. నాకు పాపం అనిపించింది. జాలి చాలా చెడ్డ అలవాటు. లేచి వెళ్లి, గడియారం వెనక చెయ్యి పెట్టి, తాళంచెవి తీసి బీరువా తెరిచాను.

ఎనిమిది తలలు నా వైపు తిరిగాయి. ఎనిమిది మొహాల్లోనూ ఎంత ఆనందమో చెప్పలేను. సర్వారాయుడు సైతం కళ్లు తెరిచాడు.

మేనేజరు గారు నెమ్మదిగా తలెత్తి నన్ను ఆపాదమస్తకం చూశారు. బీరువాలోంచి శాశ్వత సామగ్రి రిజిస్టరు తీసుకుని, దుమ్ము దులిపి, కొత్త పేజీ తెరిచి నా చేతికిచ్చారు.

"రాయండి కూర్మారావు గారూ" అన్నారు. "పదార్థం దగ్గర ఇనుమని రాయండి."